డాక్టరు కంటే ముందు వచ్చిన కాగితం: నెల్లూరు పొగతోటలో ఒక కీళ్ళవాత క్లినిక్

నెల్లూరు ఆసుపత్రికి వెళ్తున్నామని మా కందుకూరు బస్టాండులో ఎవరికైనా చెబితే ఏ ఆసుపత్రి అని అడగరు, "పొగతోటకేనా?" అని మాత్రం అడుగుతారు. గుండెకైనా, కంటికైనా, కడుపునొప్పికైనా అక్కడి వీధుల్లో డాక్టర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. ఆ బోర్డుల్లో ఒకటైన కీళ్ళవాత క్లినిక్‌కు ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి మా అమ్మను మూడుసార్లు తీసుకువెళ్ళాను. క్లినిక్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి, మూడు రాకపోకల పరిచయంతో ఒకరి పేరు మీద తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. పేరు లేకపోయినా ఈ సమీక్ష వల్ల ప్రయోజనం ఉంటుందనే అనుకుంటున్నాను, ఎందుకంటే అక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది డాక్టరు గారిని చూడక ముందే మా చేతికి అందిన రెండు పేజీల కాగితం. అపాయింట్‌మెంటు కోసం ఫోను చేసిన రోజు సాయంత్రమే అది వాట్సాప్‌లో వచ్చింది. "వచ్చే ముందు ఇవి సిద్ధం చేసుకోండి" అని పైన రాసి, కింద అంతా తెలుగులోనే, అచ్చుతప్పులు కూడా పెద్దగా లేకుండా ఉంది.

ఆ కాగితం విలువ తెలియాలంటే అంతకు ముందు జరిగింది కొంచెం చెప్పాలి. అమ్మకు 57 ఏళ్ళు. పెళ్ళయి కందుకూరు వచ్చినప్పటి నుంచి పాతికేళ్ళ పాటు పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళింది. ఆకును రంగును బట్టి, మచ్చను బట్టి విడదీసి కట్టలు కట్టే పని, అంతా వేళ్ళతోనే. కిందటి ఏడాది వేళ్ళ నొప్పి మొదలైనప్పుడు వేరే ఊళ్ళో ఒక ఎముకల డాక్టరుకు చూపించాం. లోపలికి వెళ్ళి బయటికి రావడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఎక్కడమ్మా నొప్పి అని ఆయన అడిగారు, ఒళ్ళంతా నొప్పులేనయ్యా అని అమ్మ చెప్పింది, వయసు కదమ్మా, గుజ్జు అరిగింది అంటూ ఆయన మందులు రాసిచ్చారు. ఆ చీటీలోని నొప్పి మాత్రలు అయిపోయినప్పుడల్లా మందుల షాపులో మళ్ళీ కొనుక్కుంటూ అయిదు నెలలు గడిపాం. నొప్పి తగ్గలేదు, కడుపులో మంట మాత్రం కొత్తగా వచ్చింది. ఆయనను పూర్తిగా తప్పుపట్టడం ఇప్పుడు నాకు న్యాయమనిపించడం లేదు. ఒళ్ళంతా నొప్పులు అన్న మాటలో నుంచి ఏ డాక్టరైనా ఏం పట్టుకోగలరు? అయితే ఆ మాట విన్న తర్వాత అడగవలసిన రెండో ప్రశ్న అడగకపోవడం మాత్రం ఆయన తప్పే.

పొగతోట వారి కాగితంలో మొదటి పేజీ అంతా మనిషి బొమ్మ. ముందు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి. భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్ళు, చీలమండలు, ఆఖరికి ఒక్కొక్క వేలి కణుపు దగ్గర కూడా చిన్న సున్నా గీశారు. నొప్పి ఉంటే ఆ సున్నాకు అడ్డగీత పెట్టాలి, వాపు కూడా ఉంటే సున్నాను పూర్తిగా నింపాలి. పెన్ను చేతికిస్తే అమ్మ మొదట ఉన్న సున్నాలన్నిటికీ గీతలు పెట్టేసింది. ఇంకో ప్రతి తీయించి, ఈసారి ఒక్కొక్క కీలునూ నేనే నొక్కి చూస్తూ, ఇక్కడుందా, ఇక్కడుందా అని అడుగుతూ అరగంట కూర్చుని నింపాను. అప్పుడు బొమ్మ స్వరూపమే మారిపోయింది. పిడికిలి బిగించినప్పుడు పైకి లేచే కణుపులు, వేళ్ళ మధ్య కణుపులు, మణికట్లు రెండు చేతుల్లోనూ నల్లగా నిండాయి. గోళ్ళ దగ్గరి చివరి కణుపులు ఒక్కటి కూడా నిండలేదు. మోకాళ్ళకు అడ్డగీతలు పడ్డాయి గాని నింపవలసినంత వాపు లేదు.

ఆ బొమ్మ చూసి డాక్టరు గారు తర్వాత చెప్పిన మాట ఇక్కడే రాయడం మేలు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం సాధారణంగా వేళ్ళ మొదటి కణుపులను, మధ్య కణుపులను, మణికట్లను రెండు వైపులా ఒకేలా పట్టుకుంటుంది, చివరి కణుపుల జోలికి పెద్దగా పోదు. వయసుతో వచ్చే అరుగుదలలో ఎక్కువగా ఆ చివరి కణుపులే గట్టిపడి బుడిపెలు కడతాయి. నాలుగు నిమిషాల్లో అరుగుదల అని తేలిపోయిన అమ్మ చేతులు ఆ సున్నాల్లో వేరే కథ చెప్పాయి.

రెండో పేజీలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది: "ఉదయం లేచాక చేతులు, కాళ్ళు ఎంతసేపు పట్టేసినట్టు ఉంటాయి? వారం రోజులు గడియారం చూసి రాయండి." గడియారం చూసి అన్న మాట కింద గీత కూడా గీశారు. అలా గీయకపోతే అమ్మ 'కాసేపు' అని చెప్పేది, నేనూ అదే రాసేవాడిని. ఆ వారం లెక్క ఇప్పటికీ నోటుపుస్తకంలో ఉంది. మంగళవారం 5.40కి లేచింది, పాల ప్యాకెట్టు మూలను పళ్ళతో కొరికి చింపింది, 6.55కి గాని పిడికిలి పూర్తిగా బిగియలేదు. గురువారం 5.30కి లేచింది, జాకెట్టు హుక్కులు నాన్న పెట్టారు, పిడికిలి బిగిసేసరికి 7.05 అయింది. ఆదివారం కుక్కరు మూత తిప్పలేక పక్కన పెట్టి, ఏడు దాటాక మళ్ళీ అందుకుంది. మోకాళ్ళకు వేరే వరుస పెట్టాను. అవి ఉదయం పది నిమిషాల్లోపే సర్దుకుంటున్నాయి. సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకొని మెట్లు దిగి వచ్చాక మాత్రం, కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవలసి వస్తోంది.

ఈ రెండు వరుసలు పక్కపక్కన కనిపించేదాకా మాకెవరికీ తట్టని విషయం ఏమిటంటే, అమ్మకు ఉన్నవి రెండు వేర్వేరు ఇబ్బందులు. అరుగుదలలో ఉదయపు బిగుతు సాధారణంగా అరగంట లోపే వదిలిపోతుంది, ఆ కీలును వాడేకొద్దీ నొప్పి పెరుగుతుంది. వాపుతో కూడిన కీళ్ళవాతంలో ఆ బిగుతు గంట దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉండి, కదిలించేకొద్దీ సడలుతుంది. అమ్మ మోకాళ్ళు మొదటి రకంగా, చేతులు రెండో రకంగా నడుస్తున్నాయి. ఒళ్ళంతా నొప్పులు అన్న ఒక్క మాట కింద రెండూ కలిసి దాక్కున్నాయి.

ఫొటోల గురించి కాగితంలో ఉన్నది ఒక్క వాక్యమే, వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ఫొటో తీసి తెమ్మని. దాన్ని ఇంకా పెద్ద అక్షరాలతో రాయవలసింది. ఊళ్ళ నుంచి బస్సులో వచ్చేవాళ్ళం ఎంత తొందరపడినా డాక్టరు ముందు కూర్చునేసరికి మధ్యాహ్నమవుతుంది, అప్పటికి కదిలి కదిలి చేతులు చూడటానికి మామూలుగానే ఉంటాయి, ఇంట్లో తెల్లవారుజామున పడిన అవస్థకు సాక్ష్యం ఉండదు. నేను ఉదయం ఆరింటికి వంటింటి కిటికీ దగ్గర పళ్ళెం బోర్లించి, దాని మీద అమ్మ చేతులు రెండూ చాపించి ఫొటోలు తీశాను. ఫోను లైటు వేసి తీస్తే వాపు చదునుగా కనిపించింది. లైటు ఆపి, కిటికీలో నుంచి పక్కగా పడే వెలుతురులో తీస్తే కణుపుల మధ్య పల్లాలు పూడిపోయిన సంగతి స్పష్టంగా తెలిసింది.

మందుల దగ్గర కాగితం కొంచెం కఠినంగా మాట్లాడింది. వాడుతున్న మాత్రల అట్టలు, వాడి ఆపేసిన వాటి ఖాళీ అట్టలు కూడా తెమ్మంది. పేరు తెలియని పొట్లాలు, నాటుమందులు, పసర్లు, కీలులోకి వేయించుకున్న సూదులు ఏవీ దాచవద్దంది. తమను అడగకుండా ఏ మందునూ సొంతంగా ఆపవద్దని కూడా చెప్పింది. అట్టలు తేవడమే అంత తేలిక కాదని అప్పుడు తెలిసింది. షాపులో ఆరు మాత్రలు కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క ఎప్పుడూ షాపులోనే మిగిలిపోతుంది. మీకు అలవాటు లేకపోతే ఈసారి నుంచి పూర్తి అట్ట అడగండి, లేదా కత్తిరించే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. మేము తీసుకువెళ్ళిన వాటిలో సగం అనాథ మాత్రలే.

పొట్లం సంగతి నాన్న బయటపెట్టారు. బియ్యం డబ్బాలో వార్తాపత్రిక ముక్కలో చుట్టిన చిన్న తెల్ల మాత్రలు దొరికాయి. చుట్టాలావిడ ఇచ్చిందట, వారంలో లేచి తిరుగుతావని చెప్పిందట. "తిరగలేదా ఏంది నేను? తిరిగాను గదా!" అని అమ్మ నన్నే ఎదురు అడిగింది. నిజమే, డిసెంబరులో ఒక నెల అమ్మ హాయిగా తిరిగింది. మొహం కూడా కాస్త నిండుగా కనబడితే కోలుకుందనుకున్నాం. ఆ మాత్రలు చూడగానే డాక్టరు గారు పేరు చెప్పలేనన్నారు గాని, రెండు రోజుల్లోనే ఉపశమనం, మొహం గుండ్రపడటం, అప్పటిదాకా లేని షుగరు కనిపించడం, ఈ మూడూ కలిపి చూస్తే స్టెరాయిడ్ అనే అనుమానించాలన్నారు. వారాల తరబడి స్టెరాయిడ్ వాడితే శరీరం తన సొంత స్టెరాయిడ్ ఉత్పత్తిని తగ్గించుకుంటుంది కాబట్టి ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదమని, దాన్ని తగ్గించుకుంటూ వచ్చే పద్ధతిని తారీకులతో సహా రాసిచ్చారు. పొట్లం బియ్యం డబ్బాలోనే ఉండిపోయి ఉంటే ఆయన రాసే ప్రతి మందూ చీకట్లో రాసినట్టే అయ్యేది. ఆయన అమ్మను కోప్పడలేదు. ఆ విషయం ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే నాటుమందు పేరెత్తితే డాక్టరు తిడతాడన్న భయంతోనే మా ఊళ్ళలో సగం మంది అది చెప్పరు.

కొత్త పరీక్షలు తాము చెప్పకుండా చేయించుకోవద్దు, పాతవి తేదీల వరుసలో పెట్టి తెండి అన్న సలహా మాకు ఆలస్యంగా అందింది. అప్పటికే జనవరిలో ఒక ల్యాబులో కీళ్ళ ప్యాకేజీ అని 1,800 రూపాయలు కట్టి రక్తం ఇచ్చాం. రుమటాయిడ్ ఫ్యాక్టర్ కొద్దిగా ఎక్కువ, యూరిక్ యాసిడ్ కొద్దిగా ఎక్కువ అని వచ్చింది. రిపోర్టు చేతికిచ్చిన అబ్బాయి, కీళ్ళవాతం, గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్ళలో పేరుకుని వచ్చే వాపు) రెండు జబ్బులూ ఉన్నాయంటూ తానే తేల్చేశాడు. డాక్టరు గారు ఆ కాగితాన్ని పక్కన పెట్టలేదు, అలాగని పట్టుకొని కూర్చోనూ లేదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఏ జబ్బూ లేని కొందరు పెద్దవారిలోనూ, హెపటైటిస్ సి, క్షయ వంటి ఇన్ఫెక్షన్లలోనూ కనిపించవచ్చు. అది లేనంత మాత్రాన కీళ్ళవాతం లేదని చెప్పడానికీ వీల్లేదు. యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నవారిలో చాలామందికి గౌట్ రానే రాదు, గౌట్ నొప్పి ఉధృతంగా ఉన్న రోజున చూస్తే అది మామూలుగా ఉండనూ వచ్చు. జబ్బు తేల్చడానికి ఆయన కొత్తగా రాసిన రక్తపరీక్ష యాంటీ సీసీపీ ఒక్కటే, అది కీళ్ళవాతాన్ని మరింత కచ్చితంగా పట్టిస్తుందని. ప్యాకేజీకి పెట్టిన డబ్బు దండగ అనను గాని, డాక్టరు చూశాక అయితే అందులో సగం అక్కర్లేకపోయేది. ఎక్స్‌రే విషయంలో ఒక మాట: రిపోర్టు కాగితం సరిపోదు, అసలు ఫిల్మే తీసుకువెళ్ళండి.

ఇంత మెచ్చుకున్న కాగితంలో లోపాలూ ఉన్నాయి. "ఎప్పుడు మొదలైంది" అన్న ప్రశ్న ఎదుట తేదీ వేయడానికి చిన్న గడి గీసి వదిలేశారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు జబ్బును తేదీతో గుర్తు పెట్టుకుంటారా? ఎంత అడిగినా అమ్మ చాలా రోజులైందనే చెప్పింది. చివరికి పండుగల వరుసలో వెనక్కి వెళ్తే దొరికింది: కిందటి వినాయక చవితికి ఉండ్రాళ్ళు చుట్టబోతే వేళ్ళు మూసుకోక, పిండి గిన్నె మా పిన్ని ముందుకు జరిపింది. శ్రావణ మాసంలో వ్రతం పిండివంటలన్నీ తానే చేసింది. అంటే మొదలైంది ఆ రెంటికీ మధ్య. ఈ వివరం ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది. అమెరికా, యూరప్ కీళ్ళవాత వైద్య సంఘాలు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను గుర్తించడానికి 2010లో కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో ఎన్ని చిన్న కీళ్ళు పట్టుకున్నాయి, రక్తపరీక్షలు ఏమంటున్నాయి అన్న వాటితో పాటు ఇబ్బంది మొదలై 6 వారాలు దాటిందా లేదా అన్నదానికీ లెక్క ఉంది. ఆ గడిలో తేదీ బదులు పండుగల పేర్లు అచ్చు వేస్తే అందరూ సరిగ్గా నింపుతారు.

రెండో లోపం ఇంకా పెద్దది, మన ప్రాంతంలో పనిచేసే క్లినిక్ మరచిపోకూడనిది. పుట్టిన ఊరు ఏది, అక్కడ ఏ నీళ్ళు తాగారు అన్న ప్రశ్న అందులో లేదు. అమ్మ పుట్టి పెరిగింది పొదిలి దగ్గర. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనివే. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవారికి పళ్ళ మీద గార, మచ్చలు పడటమే కాక వెన్ను, మెడ, కీళ్ళు బిగుసుకుపోతాయి, అది కీళ్ళవాతంలాగానే కనిపిస్తుంది. నేను కాగితం అంచున సొంతంగా రాసుకువెళ్ళాను: పొదిలి దగ్గర జననం, 19 ఏళ్ళ దాకా ఊరి బావి నీళ్ళు. అది చదవగానే డాక్టరు గారు అమ్మను లేపి నిలబెట్టి, మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలి వేళ్ళు అందుకోమన్నారు, గడ్డం ఛాతీకి ఆనించమన్నారు, చేతులు తల వెనక్కి పెట్టమన్నారు, పళ్ళు చూశారు. వెన్ను, మెడ బాగానే వంగాయి కాబట్టి ప్రస్తుతానికి ఆ అనుమానం పక్కన పెట్టారు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి వెళ్ళేవారు ఈ ఒక్క వాక్యం తప్పకుండా రాసుకువెళ్ళాలి. జ్వరం తర్వాత నొప్పులు మొదలయ్యాయా అన్న ప్రశ్న మాత్రం కాగితంలో ఉంది. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని చుట్టేసినప్పుడు నెలల తరబడి కుంటినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు, అమ్మ కూడా వాళ్ళలో ఒకతె, ఆ సంగతీ రాశాం.

ఇక వెళ్ళిన రోజు. కందుకూరులో తెల్లవారి బస్సెక్కి కావలి మీదుగా నెల్లూరు చేరి, పదిన్నరకు టోకెను తీసుకుంటే ఒంటిగంటా పావుకు పిలిచారు. అంతసేపు కూర్చోవలసిన హాల్లో కుర్చీల ఎత్తు చూసి ఆశ్చర్యపోయాను. మోకాళ్ళ నొప్పులవాళ్ళు వచ్చే చోట మూరెడు ఎత్తు కూడా లేని సోఫాలు వేశారు. కూర్చున్న ప్రతి పెద్దావిడనూ లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది. మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి గోడకు ఒక కమ్మీ అయినా లేదు. కాగితం రాసినవారు ఇంత ఆలోచించి రాశారు, గది సర్దినవారు ఆ కాగితం చదివినట్టు లేదు.

డాక్టరు గారి దగ్గర దాదాపు పదిహేను నిమిషాలు గడిచాయి. మొదట బొమ్మ చూశారు, తర్వాత నోటుపుస్తకంలో 5.40, 6.55 అన్న అంకెల చుట్టూ గీత గీశారు, ఆ తర్వాత అమ్మ చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకొని కణుపుల వరుసను పక్కల నుంచి మెల్లగా నొక్కారు. అమ్మ కెవ్వుమంది. చర్మం మీద పొలుసుల మచ్చలు, నోట్లో పుండ్లు, కళ్ళు పొడిబారడం, ఎండకు ఒళ్ళు కందడం, ఇంట్లో ఎవరికైనా క్షయ, ఇలా ఒక్కొక్కటీ అడుగుతుంటే అలవాటు కొద్దీ నేను జవాబులు చెప్పబోయాను. "మాస్టారూ, మీరు రాసినదంతా నేను చదివాను, ఇప్పుడు అమ్మను చెప్పనివ్వండి" అన్నారు. బడిలో పిల్లలతో నేను అనే మాట నాకే తగిలింది. అయితే నేను నోరు మూసుకున్నాకనే అమ్మ, రాత్రి పక్క మీద దుప్పటి లాక్కోవడానికి కూడా వేళ్ళు రావడం లేదని చెప్పింది. ఆ మాట నా నోటుపుస్తకంలో లేదు.

చేతుల ఎక్స్‌రే దగ్గర కాగితం మూడో లోపం బయటపడింది. మణికట్టు కూడా పడాలి కాబట్టి గాజులు తీయాలన్నారు. అమ్మ చేతులకు డజను మట్టిగాజులు, వాటి మధ్య రెండు బంగారు గాజులు. కణుపులు వాచాక అవి ఒక్కసారీ బయటికి రాలేదు. సబ్బునీళ్ళు పోసి తిప్పితే బంగారు గాజులు ఏడ్చుకుంటూ వచ్చాయి, మట్టిగాజులు రాలేదు. పగలగొడదాం పెద్దమ్మా అని టెక్నీషియన్ అంటే అమ్మ ఒప్పుకోలేదు, మీ నాయన ఇంట్లో ఉండగా బోసి చేతులతో ఎట్టా వచ్చేదిరా అని నా వైపు చూసింది. సిస్టర్ ఒకావిడ ఎక్కడినుంచో దారం తెచ్చి, దేవుడి పటం దగ్గరి పసుపు రాసి రెండు చేతులకూ కట్టింది. అప్పుడు గాజులు చిట్లించనిచ్చింది. ఇరవై నిమిషాలు పట్టిన ఈ పని ఇంటి దగ్గర, గాజులమ్మే ఆవిడ చేత, ముందురోజే నెమ్మదిగా చేయించుకోవచ్చు. కాగితంలో ఒక్క ముక్క రాస్తే చాలు. మోకాళ్ళు చూపించవలసిన వారు పైకి లాక్కునే వీలున్న వదులు బట్టలు వేసుకోవాలన్నది మాత్రం రాశారు.

రెండోసారి వెళ్ళేసరికి యాంటీ సీసీపీ గట్టిగా పాజిటివ్ అని వచ్చింది. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాలు, హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చూసుకున్నాకే మెథోట్రెక్సేట్ అనే కీళ్ళవాతం మందు మొదలుపెట్టారు. వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవలసిన మందు ఇది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ ఆ క్లినిక్ మందుల కౌంటరును మెచ్చుకోవాలి. కవరు మీద ఎర్ర సిరాతో 'బుధవారం మాత్రమే' అని రాసి, అమ్మ చేత పైకి చదివించి, ఫోలిక్ యాసిడ్ అనే విటమిను మాత్రలను వేరే రంగు కవరులో పెట్టి ఇచ్చారు. మెథోట్రెక్సేట్ గుణం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పట్టవచ్చని, ఈలోగా తగ్గలేదని ఆపవద్దని, తగ్గిందని కూడా ఆపవద్దని డాక్టరు గారు ముందే చెప్పారు. ఎన్నాళ్ళకు తగ్గుతుంది, ఎప్పుడు ఆపవచ్చు అన్న ప్రశ్నలు మేము చీటీ మీద రాసుకొని వెళ్ళినవే. నా సలహా మూడు ప్రశ్నలకు మించి రాయవద్దని. మొదటిసారి పదకొండు రాసుకువెళ్ళి, అసలైనది అడగకుండానే లేచి వచ్చాను.

అమ్మ ప్రశ్న ఒక్కటే, పథ్యం ఏమిటని. వంకాయ, గోంగూర, బంగాళాదుంప వాతం చేస్తాయని ఇంట్లో ఎప్పుడో మానిపించారు. ఈ జబ్బుకు అలాంటి నిషేధాలేవీ లేవని, కడుపుకు పడినవన్నీ తినమని డాక్టరు గారు చెప్పారు; గౌట్ ఉన్నవారైతే మద్యం, కార్జం, రొయ్యల వంటివి తగ్గించుకోవాలన్నారు. తిరుగు ప్రయాణంలో అమ్మ ఈ వార్తను బస్సులో పక్కసీటు ఆవిడకు రెండుసార్లు చెప్పింది.

ఫీజు 600 రూపాయలు, పదిహేను రోజుల్లోపు రిపోర్టులతో మళ్ళీ వస్తే తీసుకోరు. పరీక్షలు బయట చేయించుకోవచ్చు గాని ఆ మాట మనం అడిగితేనే చెబుతారు, అడగకపోతే వాళ్ళ ల్యాబు బిల్లే చేతికొస్తుంది. మధ్యాహ్నం తర్వాత ఫోను ఎత్తరు. వాళ్ళు ఇచ్చిన కంపెనీ మందు కందుకూరులో దొరకక ఒక బుధవారం మేము తిప్పలు పడ్డాం. మందు అసలు పేరు, మోతాదు చీటీ మీద విడిగా రాయించుకుంటే వేరే కంపెనీది అడిగి తీసుకోవచ్చు.

మూడోసారి వెళ్ళినప్పుడు నోటుపుస్తకంలో ఉదయపు లెక్క ముప్ఫై అయిదు, నలభై నిమిషాల దగ్గరికి వచ్చింది. గాజుల సంగతి, సోఫాల సంగతి కౌంటరులోని అమ్మాయికి మళ్ళీ చెప్పాను, సరే సార్ అని రాసుకుంది. సోఫాలు అవే ఉన్నాయి. మేమే ఇంటి నుంచి రెండు దిండ్లు పట్టుకెళ్ళాం; ఒకదాని మీద అమ్మ కూర్చుంది, రెండోది పక్కన కూర్చున్న ఉలవపాడు ఆవిడ అడిగి తీసుకుంది.